మునగాకా, పాలసొరా

కామమ్మకు కోపమెక్కువని పాళెంలో అందరూ అంటారు. అది పూర్తి నిజం కాదు. ఆమె ఎవరినీ ఊరికే తిట్టదు. ఆరేసిన వల తొక్కుకుంటూ పోయినవాణ్ణి తిడుతుంది. చేపలు కొనడానికి కారులో వచ్చి, కారు దిగకుండా అద్దం దించి "ఏయ్, బుట్ట ఇట్లా పట్రా" అనేవాళ్లను తిడుతుంది. మెత్తబడిపోయిన చేప మీద ఐసు నీళ్లు చల్లి "ఇప్పుడే ఒడ్డుకొచ్చింది" అని అమ్మేవాడు దొరికితే వాడి ఏడు తరాలనూ లేపి తిడుతుంది. ఇందులో అన్యాయం ఎక్కడుందో ఎవరైనా చెప్పమనండి చూద్దాం.

మైపాడుకు కాస్త ఎగువన, సరుగుడు తోపు దాటితే, ఇసుక మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఇళ్లే ఆ పాళెం. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు చేపలు అమ్ముకొస్తారు. కామమ్మ మొగుడు హజరత్తయ్యకు సముద్రం మీద ఉన్నంత మాట ఒడ్డు మీద ఉండదు. ఇంట్లో మాట అంతా ఆమెదే. ఆమె నోటికి జడిసి పక్క సందులోంచి తప్పుకునే వాళ్లు కూడా, ఇంట్లో ఆడపిల్లకు కాన్పయిందంటే మాత్రం నేరుగా ఆమె గుమ్మం ముందుకే వస్తారు. "అక్కా, ఒక్కసారి వచ్చి సొరపుట్టు చేసిపెట్టక్కా" అంటారు. అప్పుడు ఆమె నోరు ఎవరికీ గుర్తుండదు.

పాలసొర అంటే తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెప్పాలి. సొరచేపల్లో ఇది చిన్న రకం. బూడిదరంగు వీపు, తెల్లటి పొట్ట, మొనదేలిన ముక్కు. చాలా చేపల్లాగా గుడ్లు వదిలేసి తన దారిన తాను పోదు. ఏడాది దాకా కడుపున మోసి పిల్లల్నే కంటుంది. అట్లా మనిషిలాగా కంటుంది కాబట్టే కన్నతల్లికి పాలు తెస్తుందని సముద్రం ఒడ్డున తరతరాల నమ్మకం. పుట్టు చేయాలంటే వేడినీళ్లు పోసి దాని గరుకు చర్మం గీకేయాలి. పసుపూ ఉప్పూ వేసి ఉడకబెట్టి, నీళ్లు గట్టిగా పిండేసి, చేత్తో నలపాలి. నువ్వుల నూనెలో వెల్లుల్లి దండిగా వేసి, మిరియాల పొడి చల్లి, నీసు వాసన పోయేదాకా సన్నమంట మీద వేయించాలి. ఇది పాళెంలో అందరికీ తెలిసిన పనే. అయినా కామమ్మ చేతి పుట్టు తిన్నాక పాలు పడని బాలింత లేదని పేరు పడిపోయింది. ఆ పేరు ఆమె అడిగి తెచ్చుకోలేదు. వచ్చాక మాత్రం ఎవరి మాటకూ వదులుకునే మనిషి కాదు.

అలాంటి కామమ్మ, ఊళ్లో అందరి కూతుళ్లకూ వండిపెట్టిన కామమ్మ, తన కన్నకూతురికి మాత్రం పెట్టకూడదట. ఎవరన్నారు? కూతురి అత్త ఇందిరమ్మ అంది.

సుప్రియ నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు కొడవలూరు అబ్బాయి నరేంద్రబాబును ఇష్టపడింది. వాళ్లది వరి పండించే ఇల్లు. చేపలు పట్టే పల్లెకారుల పిల్లను కోడలిగా తెచ్చుకోవడమా అని ఇందిరమ్మ మొదట అన్నం మానేసి పడుకుంది. తర్వాత కొడుకు కూడా మానేసి పడుకునేసరికి లేచి కూర్చుంది. పెళ్లయింది. పిల్లను బాగానే చూసుకుంది, అది కాదనడానికి లేదు. కానీ తొలి కాన్పు దగ్గర పేచీ వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. అది ఒక్క పాళెం ఆచారమా? కొడవలూరులో కాదా, కోవూరులో కాదా? కామమ్మ పూలూ పండ్లూ పట్టుకుని పిల్లను తీసుకుపోవడానికి వెళితే ఇందిరమ్మ చల్లగా అంది.

"మీ పాళెంలో ఆస్పత్రి యాడుండాది వదినా? రాత్రి పూట నొప్పులొస్తే ఇసకలో యాడ తిప్పుతావు? పైగా ఆ ఉప్పుగాలి పచ్చి బాలింతకు పడదు."

ఆ ఉప్పుగాలిలోనే పుట్టి, ఆ ఉప్పుగాలి పీల్చే ఇంత పొడుగు ఎదిగిన పిల్ల గురించి ఆ మాట. కామమ్మ నాలుక చివరిదాకా వచ్చిన జవాబును మింగేసింది. కూతురు కళ్లతోనే వద్దని బతిమాలింది, అందుకు. మింగిన మాట మనిషిని ఊరుకోనిస్తుందా? ఇంటికి వచ్చి హజరత్తయ్య మీద పడింది. ఆయన పాపం వల కుట్టుకుంటూ అంతా విన్నాడు.

నెల్లూరు ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. కామమ్మ చూడ్డానికి వెళ్లింది. అల్లుడి తరఫువాళ్ల మధ్య నిలబడి బిడ్డను ఎత్తుకున్నంతలోనే, చేతికి నీసు తగిలిందేమో కడుక్కుని ఎత్తుకోమని ఎవరో అన్నారు. ఆమె అప్పటికే సబ్బు పెట్టి రుద్దుకుని వచ్చింది. ఆ మాట అన్నది ఎవరో తెలిసి ఉంటే ఆ ఆసుపత్రి మరోలా ఉండేది. బాలింతను అటునుంచి అటే కొడవలూరు తీసుకుపోయారు.

కొన్నాళ్లకు నరేంద్రబాబు ఫోను చేశాడు. మనిషి మంచివాడే, నోట్లో నాలుక లేనివాడు.

"అత్తా, పాలు పడలా. పాప ఒకటే ఏడుపు. డబ్బా పాలు కలిపి పడతా ఉండాం."

"డబ్బా పాలా? మీ అమ్మ ఏం పెడతా ఉండాది దానికి?"

"మునగాకు."

"మునగాకు సరే. ఇంకా?"

"మునగాకేనత్తా. వేపుడొకసారి, పొడొకసారి, పప్పులో ఒకసారి."

"గొడ్డుకేసినట్టు ఆకు వేస్తే పాలొస్తాయంటయ్యా?"

గొడ్డు ఆకు తినే పాలిస్తుందన్న సంగతి ఆ కోపంలో ఆమెకు తట్టలేదు. అవతల నరేంద్రబాబుకు తట్టినా చెప్పే ధైర్యం లేకపోయింది. సొరపుట్టు చేసి తెస్తానని కామమ్మ అంటే, నెల తిరిగేదాకా బాలింత గదిలోకి నీసు రాకూడదని అమ్మ అంటోందని గొణిగాడు. అదే ఇంట్లో కోడి కోస్తారు, పొట్టేలు కోస్తారు, ఆదివారం చేపల పులుసు లేకపోతే ముద్ద దిగదు. కామమ్మ తెచ్చే చేపే నీసు. ఆమె ఫోను పెట్టేసింది. తన పేరు పోతే పోయింది. మనవరాలు తల్లి పాలు లేకుండా డబ్బా పట్టుకుని పెరగాలా? తను బతికుండగానా?

"పాలసొర తీసుకురా" అంది మొగుడితో. "నీకు దొరకాలి, అంతే."

దొరకాలంటే దొరికే రోజులా ఇవి? పెద్ద బోట్లు సముద్రాన్ని అడుగంటా ఊడ్చుకుపోతున్నాయి. పడ్డ కాసిని పాలసొరలూ ఒడ్డుకు రాగానే మద్రాసు హోటళ్ల కోసం ఐసు పెట్టెల్లోకి పోతున్నాయి. అయినా హజరత్తయ్య ఒకటి తెచ్చాడు. ఇంటి ముందు దించి, "నీ మనవరాలి కోసమే పడినట్టుండాది" అన్నాడు. ఆమె సంబరంగా కత్తిపీట ముందు వేసుకుని పొట్ట చీల్చింది. లోపల పిల్లలు. జానెడేసి పిల్లలు, ఒక్కొక్కదానికీ బొడ్డుతాడు, రేపోమాపో కనాల్సినవి.

కామమ్మ కత్తిపీట మీది నుంచి లేచిపోయింది. కన్నదాన్ని పెట్టాలి గాని కనబోయేదాన్ని కోసి బాలింతకు పెడితే ఉసురు తగులుతుందని ఆమె అత్త చెప్పింది, ఆ అత్తకు వాళ్లత్త చెప్పింది. హజరత్తయ్య దాన్ని తీసుకెళ్లి ఆ పట్టింపు లేని పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. ఆమె మాత్రం చాలాసేపు గొణుక్కుంటూనే ఉంది.

"మునగచెట్టుదేం పోయింది? కొమ్మ విరిచి యాడ గుచ్చితే ఆడ చెట్టవతాది. మొదలంటా నరికినా మళ్లా చిగురేస్తాది. ఇది అట్టా కాదు గదా. దీన్నొకసారి కోస్తే అది పోయె, దాని కడుపు పోయె. ఆ కొడవలూరామెకు ఏం తెలుసు? పెరట్లో చెయ్యి చాపితే ఆకు దొరికినట్టు సముద్రంలో సొర దొరకతాదనుకుంటా ఉండాది."

ఇందిరమ్మ సొర తెమ్మని అడగలేదు కదా, వద్దని కదా అంది అని హజరత్తయ్య అనుకున్నాడు. పైకి అనలేదు. అందుకే ఆ సంసారం ఇన్నేళ్లుగా నడుస్తోంది. మర్నాడు పక్క పాళెం పడవలో ఒకటి పడిందని తెలిసి, తనే పోయి బతిమాలి తెచ్చాడు. అది కడుపుతో లేదు. కామమ్మ తలస్నానం చేసి, కొత్త చట్టి తీసి, చిన్నప్పుడు తను నేర్చుకున్న పద్ధతిలో ఏ ఒక్కటీ తగ్గకుండా పుట్టు చేసింది. క్యారేజీ గిన్నెలో కుక్కి, మూత బిగించి, తెల్లగుడ్డలో మూట కట్టి బయలుదేరింది.

నెల్లూరు దాకా బాగానే వచ్చింది. అక్కడ బస్సు మారాక కండక్టరు ముక్కు ఎగబీల్చి, "ఏమ్మా, నీసు బుట్టలు ఎక్కించొద్దని ఎన్నిసార్లు చెప్పాల?" అన్నాడు.

"బుట్ట యాడుండాది నాయనా? ఇది నా కూతురికి కూడు."

"వాసనొస్తా ఉండాది గదా. వెనక మెట్ల దగ్గర నిలబడు పో."

సీటు ఖాళీగా ఉంది. పక్క సీటావిడ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తన సంచీ తీసి ఆ ఖాళీలో పెట్టింది. కామమ్మ ఈసారి మింగలేదు. మింగడానికి అక్కడ కూతురు లేదు.

"ఊరూరా నెల్లూరు చేపల పులుసని బోర్డులు పెట్టుకుంటారు. రైలు దిగిన చుట్టానికి అదే పెట్టి మీసం తిప్పుకుంటారు. ఆ చేప సముద్రంలోంచి నడిచొచ్చి మీ చట్టిలో పడిందా? తెచ్చి పెట్టేదానికి మేం కావాల. బస్సులో కూర్చునేదానికి మేం వద్దు. వాసనంట, వాసన. మీ ఇంట్లో మూకుడు వాసన చూసుకో పోయి."

బస్సులో ఒకరిద్దరు నవ్వారు, ఒకాయన "పోనీలేమ్మా" అన్నాడు. సీటు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. పెన్నా వంతెన దాటి కోవూరు వచ్చేదాకా ఆమె మూటను గుండెకు అదుముకుని మెట్ల దగ్గరే నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపువి కావు, కోపానివి. ఆమెకు ఎప్పుడూ కోపానికే నీళ్లొస్తాయి.

కొడవలూరులో దిగి ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వసారా పొడవునా కొత్త వడ్ల బస్తాలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. పెరట్లో మునగచెట్టు సగం దాకా దూసేసి ఉంది. ఇందిరమ్మ చేట ముందు పెట్టుకుని ఆకు ఏరుతోంది. మూటను చూడగానే ఆమె చెయ్యి ఆగింది. అయినా మర్యాద తప్పలేదు.

"రా వదినా. కాళ్లు కడుక్కో. ఎండనబడి వచ్చినావు."

కామమ్మ కాళ్లు కడుక్కుని నేరుగా గదిలోకి పోయింది. చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ ఎర్రగా ముడుచుకుని ఉంది. నులక మంచం మీద సుప్రియ, చెవులకు గుడ్డ చుట్టుకుని, మొహమంతా పాలిపోయి కూర్చుని ఉంది. తల్లిని చూడగానే లేవబోయింది.

"పాలు పడినాయా?" అని అడిగింది కామమ్మ.

"లేదమ్మా" అంది సుప్రియ. "అమ్మా, నాకు..."

ఆ మాట పూర్తి కానే లేదు. ఇందిరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"వదినా, కోపం తెచ్చుకోవద్దు. ఆ మూట మాత్రం గదిలోకి వద్దు. వంటింట్లో గూటిలో పెట్టు, మేం తింటాం."

"మీరు తినేదానికా నేను మెట్ల మీద నిలబడి తెచ్చింది? మీరు తింటే దానికి పాలు పడతాయా?"

ఇద్దరూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేశారు. మొదట వియ్యపురాళ్లలాగే మొదలుపెట్టారు. మునగాకు గొప్పదని ఇందిరమ్మ, పాలసొర గొప్పదని కామమ్మ.

"మా ముగ్గురు బిడ్డలనీ ఈ చెట్టే సాకింది" అంది ఇందిరమ్మ. "నేను కాపరానికొచ్చినప్పుడు మా అమ్మ కొమ్మ విరిచి ఇచ్చింది. తడిగుడ్డ చుట్టి తెచ్చి నా చేత్తో నాటినా. తుపానుకు విరిగింది, మళ్లా లేచింది. దాన్ని ఒక మాటంటే నేను పడను."

"చెట్టును నేనేమన్నా? చెట్టు కంటాదా, మోస్తాదా? దానికి కాన్పంటే ఏం తెలుసు? పాలసొర కడుపున మోసి, బొడ్డుతాడుతో కంటాది. కన్నదాని బాధ కన్నదానికే ఎరిక."

"కంటాది, సరే. ఆ సొర పాలిస్తాదా వదినా? దాని పిల్ల పాలు తాగతాదా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న కామమ్మను ఎవరూ అడగలేదు. తనను తానూ అడగలేదు. సముద్రం మీది మనిషికి రాని సందేహం వరి చేలో మనిషికి వచ్చినందుకు ఒళ్లు ఇంకా మండింది.

"మీ మునగచెట్టు ఇస్తాదా? పితికినారా ఎప్పుడన్నా? చూసినాంలే దాని గట్టితనం. పిల్లోడు ఎక్కినా ఫెళ్లున విరగతాది. అందుకే గదా ఊరికే పొగిడితే మునగచెట్టు ఎక్కించినారంటారు."

"మీ సొరకు మాత్రం ఏం మంచి పేరుండాది? దాని నోట్లో పళ్లు చూస్తేనే పాలు ఇంకిపోతాయి."

నరేంద్రబాబు అప్పటిదాకా వసారాలో బస్తాల పక్కన నిలబడి వింటున్నాడు. ఇద్దరూ ఒకేసారి తన వైపు తిరిగేసరికి, "చేలో నీళ్లు పెట్టాల" అని చెప్పులేసుకున్నాడు. కోతలైపోయిన చేలో నీళ్లెందుకని ఎవరూ అడగలేదు.

ఇక ఇక్కడ జరిగిన వింత చూడండి. అన్ని మాటల్లోనూ చెరో వైపు లాగిన ఆ ఇద్దరూ ఒక్క మాట దగ్గర కలిశారు. చేపా మునగాకూ ఒకే పూట కడుపులో కలవకూడదు. కలిస్తే విరుద్ధం, బిడ్డకు విరేచనాలు పడతాయి. ఇది కొడవలూరులోనూ ఉంది, పాళెంలోనూ ఉంది. కాబట్టి ఈ పూట సుప్రియ ఏదో ఒకటే తినాలి. ఏది తినాలో తేలాలి. తేలేదాకా రెండోది ముట్టకూడదు.

ఇందిరమ్మ ఆకు తాలింపు వేసి గిన్నెలో తీసింది. కామమ్మ క్యారేజీ మూత తీసి పెట్టింది. అన్నం కుండ పొయ్యి పక్కన మూత మీద మూతతో ఉంది. ఈమె కంచం తీస్తే ఆమె పట్టుకుంది.

"ఆకు తిననిచ్చినావంటే ఈ పూటకు నా పుట్టు దండగ. రేపటికి చెడిపోతాది" అంది కామమ్మ.

"పుట్టు తిన్నాదంటే ఇన్నాళ్ల పథ్యం మట్టిలో కలిసిపోతాది" అంది ఇందిరమ్మ.

"పథ్యమంటే ఇదేనా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననీదంట. అట్టుండాది మీ యవ్వారం."

ఆ సామెత ఇందిరమ్మకు సూటిగా తగిలింది. పల్లెకారుల మాటలన్నీ ఇంతేనంది. వడ్లు దంచుకునేవాళ్ల మనసులన్నీ ఊకేనని కామమ్మ అంది. ఆసుపత్రిలో చెయ్యి కడుక్కోమన్న మాట బయటికి వచ్చింది. ఉప్పుగాలి మాట బయటికి వచ్చింది. పెళ్లిలో పాళెంవాళ్లను చివరి బంతిలో కూర్చోబెట్టారన్న మాట వచ్చింది. అన్నీ నిజమైన మాటలే, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు అనాల్సినవే. మునగాకు ఆరిపోయింది. పుట్టు మీద నూనె తేలింది. ఎండ వసారా దాటి బస్తాల మీదికి వాలింది. గదిలో బిడ్డ ఏడ్చి ఏడ్చి గుక్క పట్టి, అలిసిపోయి ఊరుకుంది.

అప్పుడు సుప్రియ గది గడప దాటి వచ్చింది.

పచ్చి బాలింత వంటింట్లోకి రాకూడదు. "రావద్దు" అన్నారు ఇద్దరూ ఒక్కసారిగా. ఆమె వినలేదు. గోడ పట్టుకుని వచ్చి, ఇద్దరి మధ్య నుంచి దూరి, పొయ్యి పక్కన చతికిలబడింది. మూతలు తీసి అన్నం కంచంలో వేసుకుంది. కుండలో చెయ్యి పెట్టి మళ్లీ వేసుకుంది. కాస్త ఉప్పు చల్లుకుని ఉత్త అన్నం పెద్ద పెద్ద ముద్దలు చేసి తినడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఉత్త కూడేనా? ఇదో, ఇది కలుపుకో" అని కామమ్మ క్యారేజీ గిన్నె పట్టుకుని వంగింది.

"అమ్మా, ఇది వేసుకో తల్లీ" అని ఇందిరమ్మ ఆకు గిన్నె పట్టుకుని వంగింది.

"రెండూ వద్దు" అంది సుప్రియ తలెత్తకుండా. "నన్ను తిననీండి."

గొంతు పెంచలేదు. అయినా ఇద్దరూ వెనక్కి తగ్గారు. ఆమె నమిలి మింగి, మళ్లీ ముద్ద కలుపుకుంటూ అంది.

"రాత్రి పూట కూడు లేదు. బిడ్డకు మందం చేస్తాదన్నారు. పగటి పూట పిడికెడు. నీళ్లడిగితే పొట్టొస్తాదన్నారు. ఆకలేస్తా ఉండాదత్తా అంటే ఇంకాస్త మునగాకు తెచ్చి పెట్టినారు. ఇంటినిండా వడ్లే గదా అత్తా. నేనెంత తింటానని?"

ఇందిరమ్మ ఏదో అనబోయింది. పెద్దవాళ్ల పద్ధతి అని అనబోయి ఉండవచ్చు.

"అమ్మొస్తే అడగతాదిలే అనుకున్నా" అంది సుప్రియ. "నువ్వూ పాలు పడినాయా అన్నావు."

కామమ్మకు కోపం వచ్చింది. ఇందిరమ్మ మీదికి పోబోయింది ఆ కోపం, దారిలోనే ఆగిపోయింది. కండక్టరు మీదికి పోదామంటే అతను ఎప్పుడో కావలి దాటి ఉంటాడు. కూతురు ఆకలితో ఉంటే ఊరుకున్నందుకు చేలోకి పారిపోయిన అల్లుణ్ణి అనాలనిపించింది. ఆ కూతురి ఎదురుగా ఇంతసేపూ గిన్నె పట్టుకుని అరిచిందెవరు మరి? పాళెంలో తన వాకిట్లోకి వచ్చిన పరాయి మనిషినైనా, కుక్కనైనా, తిన్నావా అని అడగకుండా పంపదు ఆమె. కూతుర్ని అడగలేదు.

సుప్రియ కంచం ఖాళీ చేసింది. చెంబుతో నీళ్లు వంచుకుని గటగటా తాగింది, మళ్లీ వంచుకుని తాగింది. చెయ్యి కడుక్కుంది. గదిలో బిడ్డ మళ్లీ కదిలి ఏడుపందుకుంది.

"బిడ్డనియ్యండి" అంది.

ఇద్దరూ కదలబోయారు. ఒకరి చేతిలో సొరపుట్టు గిన్నె, ఒకరి చేతిలో మునగాకు గిన్నె. ఎవరు ముందు కింద పెట్టాలో తేలక అలాగే నిలబడ్డారు. సుప్రియ గోడ పట్టుకుని లేచి, తానే వెళ్లి బిడ్డను ఎత్తుకుంది.